చుక్కలు పెట్టని ముగ్గు: పాఠకుల సందేహాలు, సమాధానాలు

నెలపట్టింది మొదలు కనుమ వెళ్ళే వరకు ఈ శీర్షికకు ముగ్గుల గురించిన ఉత్తరాలే ఎక్కువగా వస్తాయి. ఈసారి వాటిలో చాలామంది చుక్కలు పెట్టకుండా, కంటి అంచనాతో ఇంట్లోనే సులువుగా వేసుకునే ముగ్గుల గురించి అడిగారు. ఒకే సందేహం ఉన్న ఉత్తరాలను కలిపి, ఎనిమిదింటికి ఇక్కడ సమాధానం ఇస్తున్నాను.

ప్రశ్న: నమస్కారమండీ. నేను 21 చుక్కల ముగ్గు వరకు తప్పు లేకుండా వేయగలను. చుక్కలు లేకుండా ఒక పువ్వు వేద్దామని కూర్చుంటే మాత్రం ఒక రేకు లావుగా, ఒక రేకు సన్నగా వచ్చి, ఆఖరి రేకుకు చోటే చాలడం లేదు. నా చేతిలోనే లోపం ఉందంటారా?
(ఒక పాఠకురాలు, తెనాలి)

జవాబు: మీ చేతిలో ఏ లోపమూ లేదమ్మా. 21 చుక్కలు పెట్టి, 11 వచ్చే వరకు సందుచుక్కగా, అంటే రెండు చుక్కల నడుమ ఒక చుక్క వచ్చేటట్టు దించి, ఆ ముగ్గును తప్పు లేకుండా ముగించగలిగిన వారికి గీత మీద అదుపు ఉండే తీరుతుంది. పొరపాటు రేకులు వేసే వరుసలో జరుగుతోంది. మొదటి రేకు వేసి, దాని పక్కన రెండోది, ఆ పక్కన మూడోది అంటూ చుట్టూ తిరిగి వచ్చే వారికి, ఒక్కో రేకులో వచ్చిన కొద్దిపాటి తేడా తరువాతి రేకు మీదికి జరుగుతూ జరుగుతూ, చివరకు మొత్తమంతా ఆఖరి రేకు మీద పడుతుంది. కాబట్టి రేకులను ఎదురెదురుగా వేయండి. మొదటిది గుమ్మం వైపు, రెండోది దానికి సరిగ్గా ఎదురుగా వీధి వైపు, మూడోది కుడి చేతి పక్క, నాలుగోది ఎడమ చేతి పక్క. ఈ నాలుగూ నిలిచాక మిగిలిన నాలుగు ఖాళీల్లో ఒక్కో రేకు వేస్తే అష్టదళ పద్మం పూర్తవుతుంది. ఇలా వేసినప్పుడు కూడా తేడాలు వస్తాయి గాని, అవి నాలుగు పక్కలకూ పంచుకుపోవడం వల్ల కంటికి ఆనవు.

చుక్కల ముగ్గులో కొలత నేల మీద కనబడుతూ ఉంటుంది, మీ గీత దాన్ని అనుసరించి పోతుంది. చుక్కలు తీసేసినంత మాత్రాన కొలత అక్కరలేకుండా పోదు. అది మీ కంటిలోకి, చేతిలోకి మారుతుంది. నిజానికి కొలత కోసం మన పెద్దవాళ్ళు బయట వెతుక్కోలేదు. బెత్తెడు, జాన, మూర అన్నవన్నీ మన చేతిలోనే ఉన్నాయి. జాన అంటే తొమ్మిది అంగుళాలని లెక్క చెబుతారు గాని, ఎవరి జాన వారిది. ముగ్గుకు మీ జానే మీకు కొలబద్ద.

ఒకసారి ఇలా చేసి చూడండి. వాకిట్లో మధ్యన చిటికెడు పిండితో ఒక గుర్తు పెట్టండి. చిటికెన వేలి కొసను ఆ గుర్తు మీద ఆనించి, చేతిని పూర్తిగా చాచి, బొటనవేలి కొస ఎక్కడికి వస్తుందో అక్కడ మరో గుర్తు పెట్టండి. చేతిని కొద్దికొద్దిగా తిప్పుతూ చుట్టూ ఇలా గుర్తులు పెట్టుకుంటూ వస్తే మీ జాన వ్యాసార్ధంగా ఉన్న ఒక వలయం ఏర్పడుతుంది. ఇప్పుడు అదే జానతో ఆ వలయం అంచు వెంబడి ఒక గుర్తు నుంచి మరో గుర్తుకు కొలుచుకుంటూ వెళ్ళండి. సరిగ్గా ఆరు జానలకు మీరు బయలుదేరిన చోటికే తిరిగి వస్తారు. బడిలో వృత్తలేఖినితో ఆరు రేకుల పువ్వు గీసిన వారందరికీ ఈ లెక్క తెలిసినదే, అయితే ముగ్గు దగ్గర కూర్చున్నప్పుడు గుర్తుకు రాదు. ఆ ఆరు గుర్తులే మీ ఆరు రేకుల కొసలు. జాన చాచి ఉంచడం కష్టమనిపిస్తే అంతే పొడవున్న పుల్ల తీసుకున్నా సరిపోతుంది.

అన్నిటిలోకీ చిక్కు పెట్టేది ఐదు రేకుల పువ్వు, ఎందుకంటే అందులో ఏ రేకుకూ ఎదురు రేకు ఉండదు. మందారం వేయాలనుకునే వారు 12 అంగుళాల దారంతో వలయం గీసుకుని, దాని అంచున 14 అంగుళాలకు ఒక నలుసు ఎక్కువగా కొలుచుకుంటూ పోతే ఐదు భాగాలు సమంగా వస్తాయి. అలవాటు పడ్డాక దారం అవసరం ఉండదు. మొదటి రేకు పైకి పెట్టి, రెండు రేకులను రెండు చేతులు చాచినట్టుగా, మిగిలిన రెండింటిని రెండు కాళ్ళు విడిగా పెట్టి నిలబడ్డట్టుగా ఊహించుకుంటే చాలు. మనిషి ఆకారం మన కంటికి బాగా పరిచయం కనుక ఆ అంచనా తప్పదు.

ప్రశ్న: మా అమ్మ సాన్పు చల్లిన వాకిట్లో దారం పోగు లాంటి గీత తీసేది. మా ఇంటి ముందు సిమెంటు నేల. నేను వేస్తే గీత ఒక చోట ముద్దగా, ఒక చోట తెగిపోయి వస్తోంది. ముగ్గు గొట్టం వాడమంటున్నారు. వాడవచ్చా?
(ఒక పాఠకురాలు, కరీంనగర్)

జవాబు: మీ అమ్మగారి గీతకు సగం అందం ఆ నేల వల్ల వచ్చింది. పేడనీళ్ళు చల్లిన మట్టి నేల పిండిని పడినచోటనే పట్టుకుంటుంది, పక్కలకు చెదరనివ్వదు. పైగా ఆ ముదురు రంగు మీద సన్నని తెల్లగీత కూడా ఎదురింటి దాకా కనిపిస్తుంది. సిమెంటు నేలకు ఆ గుణాలు లేవు గాని, కొంతవరకు తెప్పించవచ్చు. నీళ్ళు చల్లి, నిలిచిన నీటిని చీపురుతో పూర్తిగా తోసేసి, కాసేపు ఆగండి. నేల మీద నీటి మెరుపు పోయి, నలుపు మాత్రం మిగిలి ఉన్న సమయమే ముగ్గుకు అనువైనది. మెరుపు ఉండగా వేస్తే పిండి నానిపోయి ముద్దకడుతుంది, పూర్తిగా ఆరాక వేస్తే గాలికి లేచిపోతుంది. ఇంకొక సంగతి. తడి నేల మీద పడిన గీత మొదట మసకగా, కనీ కనబడకుండా ఉంటుంది. అది చూసి కంగారుపడి మళ్ళీ దాని మీదే పిండి పోస్తారు, ఆరిన తరువాత చూస్తే లావుగా తేలుతుంది. మసకగా ఉన్నా వదిలేయండి. ఆరాక తెల్లగా పైకి తేలుతుంది.

ఇక పిండి. మెత్తటి ముగ్గురాయిని దంచి, జల్లించి అమ్మే రాతిముగ్గు కొంచెం బరువుగా ఉండి వేళ్ళ సందు నుంచి ఆగకుండా జారుతుంది. బియ్యప్పిండి తేలిక, తేమను పీల్చుకుంటుంది, మరీ మెత్తగా విసిరితే వేళ్ళకు అంటుకుని జారనని మొరాయిస్తుంది. గీత తెగుతోందంటే చాలాసార్లు కారణం ఇదే. జంతికలకు పట్టించినంత మెత్తగా కాక, వేళ్ళ మధ్య రుద్దితే పలుకు తగిలేటట్టు పట్టించుకోండి. నేనైతే రెండు పాళ్ళు రాతిముగ్గుకు ఒక పాలు బియ్యప్పిండి కలుపుతాను. రాతిముగ్గు గీతను నడిపిస్తుంది, బియ్యప్పిండి చీమలకు ఆహారమవుతుంది. కొన్న ముగ్గులో గరుకు పలుకులుంటే ఒకసారి టీ వడపోతలో జల్లించుకోండి.

చేతి విషయానికి వస్తే, పిండిని చిటికెలుగా తీసుకుని మళ్ళీ మళ్ళీ గిన్నెలో చెయ్యి పెట్టడం వల్ల గీత అతుకులు పడుతుంది. గుప్పెడు పిండి అరచేతిలోకి తీసుకుని, మిగిలిన మూడు వేళ్ళతో దాన్ని పట్టి ఉంచి, అక్కడి నుంచి కొద్దికొద్దిగా చూపుడు వేలి మీదికి తోసుకోవాలి. బొటనవేలు చూపుడు వేలి మీద ముందుకు జరుగుతూ ఉంటే, నోట్లు లెక్కపెట్టేటప్పటి కదలికలాగా, పిండి ధార కడుతుంది. చెయ్యి నేలకు అంగుళం ఎత్తులో ఉంటే సన్నని గీత, అంతకు పైకి పోయిన కొద్దీ గీత వెడల్పై అంచులు చెదురుతాయి. చిన్న మెలికలకు వేళ్ళు కదిలితే చాలును గాని, మూరెడు పొడవున్న వంపు తీయాలంటే భుజం నుంచి చెయ్యంతా కదలాలి. మణికట్టు ఒక్కటే తిప్పి పెద్ద వంపు తీయబోయే వారికి అది మధ్యలో మూల తిరుగుతుంది.

పది రోజులపాటు పువ్వుల జోలికి పోకుండా మూడే మూడు వేయండి: మూరెడు నిలువు గీతలు, వరుసగా అర్ధచంద్రాలు, పాము నడకలాంటి అలలు. ఇవి చేతికి వస్తే మిగిలిన ముగ్గులన్నీ వీటి కలయికలే. ముగ్గు గొట్టం సంగతి అడిగారు. పండగ నాడు పెద్ద ముగ్గు చుట్టూ అంచు గీతలకు అది పనికివస్తుంది, వాడటంలో తప్పేమీ లేదు. అయితే చెయ్యి తిరగక ముందే దానికి అలవాటు పడితే చెయ్యి ఎప్పటికీ తిరగదు.

ప్రశ్న: మాది అపార్ట్‌మెంటు. తలుపు ముందు మూడడుగుల నడవా, నున్నటి టైల్స్. పిండి నిలవదు, వచ్చేపోయే వారి కాళ్ళకు అంటుకుంటుంది. ఇంత చిన్న చోట ఏ ముగ్గు వేసుకోవచ్చు? స్టిక్కర్లు అంటించుకోవడమేనా?
(ఒక పాఠకురాలు, హైదరాబాద్)

జవాబు: స్టిక్కరు అంటించడానికి నా మనసు ఒప్పదు. ముగ్గు తెల్లవారితే చెరిగిపోయి మళ్ళీ పుట్టాలి. మీ ఇబ్బందిని తీర్చే దారి వేరే ఉంది. నడవా మధ్యలో గుండ్రని ముగ్గు వేయాలనుకోవడం మానండి. గడపకు ఆనుకుని, తలుపు వెడల్పున ఒక తీగ వేయండి. గడప రెండు కొసల్లో ఒక్కో మూలకు పావు పువ్వు, అంటే గోడ మూల నుంచి విచ్చుకున్నట్టు మూడు రేకులు వేస్తే చాలు. నడిచే దారి ఖాళీగా ఉంటుంది, గుమ్మం నిండుగా ఉంటుంది.

తీగ వేయడం ఎలాగంటే, గడప పొడవునా ముందు ఒక అలను గీయండి. మూడడుగుల తలుపైతే రెండు వంపులు పైకి, రెండు వంపులు కిందికి వస్తే అందంగా ఉంటుంది. టైల్స్ అతుకులు మీకు చుక్కల్లాంటివి, ఒక్కో అతుకు దగ్గర అల గీతను దాటించుకుంటే వంపులన్నీ ఒకే కొలతకు వస్తాయి. ప్రతి వంపు కడుపులోనూ ఒక మామిడి పిందె పెట్టండి. పిందె అంటే ఒక పక్క ఉబ్బిన నీటిబొట్టు, దాని కొస ఒక పక్కకు వంగి ఉంటుంది. అల పైకి లేచిన చోట పిందె కొస కిందికి, అల దిగిన చోట కొస పైకి వంగితే తీగకు నడక వస్తుంది. మిగిలిన సందుల్లో మూడేసి చుక్కలు, ఇవి కొలత చుక్కలు కావు, అలంకారానికి పెట్టేవి.

నున్నటి టైల్ మీద పొడి పిండి జారుతుంది, పెద్దవాళ్ళున్న ఇంట్లో అది ప్రమాదం కూడా. సుద్దముక్కను నీళ్ళలో ముంచి గీయండి. తడి సుద్ద గీత మొదట పలచగా కనిపించి, ఆరాక పాలలా తెల్లబడుతుంది, కాలు తగిలినా వెంటనే పోదు. లేదా పచ్చి బియ్యం నానబెట్టి, మెత్తగా రుబ్బి, గరిటెజారుగా కలుపుకుని, చిన్న గుడ్డముక్కను అందులో ముంచి, అరచేతిలో పిండుతూ ఉంగరపు వేలి కొసతో గీయవచ్చు. వ్రతాలప్పుడు మన ఇళ్ళలోనూ వేసే పద్ధతే ఇది. బెంగాలీలు అల్పన అని పిలిచే ముగ్గును కూడా ఇలాగే, చుక్కలు లేకుండా తీగలు, పద్మాలు, లక్ష్మీదేవి పాదాలతో వేస్తారు. మరునాడు తడిగుడ్డతో తుడిస్తే పోతుంది.

ప్రశ్న: నేను చుక్కలు లేని ముగ్గు వేస్తే మా అత్తగారు, అది బొమ్మే గాని ముగ్గు కాదు, పండగ పూట పనికిరాదు అంటున్నారు. ఆవిడను నొప్పించకుండా ఏమని చెప్పాలి?
(ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం)

జవాబు: మీ అత్తగారు రోజూ తులసికోట ముందు ఏం వేస్తారో ఒకసారి గమనించండి. చాలా ఇళ్ళలో అక్కడ వేసేది పద్మమే. కలశం కింద, పీట మీద, వ్రత మండపంలో వేసేదీ పద్మమే, దానికి చుక్కలు పెట్టేవారు తక్కువ. శంఖం, చక్రం, స్వస్తికం, గడప మీద పసుపు రాసి బియ్యప్పిండితో తీసే గీతలు, ఇవన్నీ చేత్తో నేరుగా వేసేవే. కాబట్టి ఇది నిన్న మొన్న వచ్చిన పద్ధతేమీ కాదని మీరు నిర్భయంగా చెప్పవచ్చు.

అయితే ఆవిడ మాటలో ఉన్న బాధను కూడా వినండి. మెలికల ముగ్గు, ఒక్క గీత ఎక్కడా తెగకుండా అన్ని చుక్కలనూ చుట్టి మళ్ళీ మొదటికి వచ్చే ముగ్గు, ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి తప్ప వేరే విధంగా రాదు. ఒక తరం వేయడం మానేస్తే అది పోయినట్టే. పండగ మూడు రోజుల్లో ఒక రోజు ఆవిడ దగ్గర కూర్చుని, ఆవిడకు వచ్చిన మెలికల ముగ్గును మీ చేతికి ఎక్కించుకోండి. దాని చుట్టూ అంచుగా మీ తీగ వేయనిమ్మని అడగండి. కాదనరు.

ప్రశ్న: బజారులో దొరికే రంగులు చేతికి అంటుకుని రెండు రోజుల వరకు పోవడం లేదు. ఇంట్లో ఉన్న వాటితో రంగులు చేసుకోవడం సాధ్యమా? రంగు వేశాక ముగ్గు గీతలు కనబడకుండా పోతున్నాయి, ఎందుకు?
(ఒక పాఠకురాలు, కర్నూలు)

జవాబు: మెరిసే నీలం, గులాబీ రంగులు రావు గాని, మంచి రంగులే వస్తాయి. పసుపు ఉండనే ఉంది. దానికి కొద్దిగా సున్నం కలిపితే ఎర్రబడుతుంది, కాళ్ళకు పెట్టుకునే పారాణి రంగు అదే. కలిపి, ఆరబెట్టి, పొడి చేసుకోవాలి. ఇటుక ముక్క దంచితే కావి రంగు, బొగ్గు పొడికి రాతిముగ్గు కలిపితే బూడిద రంగు, నీడన ఎండబెట్టిన ఆకుల పొడి నుంచి ముదురు ఆకుపచ్చ. వీటిలో దేనికైనా జల్లించిన సన్నటి ఇసుకో, బియ్యప్పిండో కలిపితే పొదుపుగానూ ఉంటుంది, చల్లడానికీ సులువు. సున్నం కలిపేటప్పుడు చేతితో కలపకుండా పుల్లతో కలపండి, పిల్లల కళ్ళకు దూరంగా ఉంచండి.

గీతలు కనబడకపోవడానికి కారణం, రంగు గీత మీద కూడా పడటం. వేళ్ళతో కాక టీ వడపోతతో తట్టుతూ చల్లండి, గీతకు వేలెడు దూరంలో ఆపండి. అన్నీ అయ్యాక తెల్ల పిండితో అదే గీతను మళ్ళీ ఒకసారి తీయండి. ముగ్గుకు ప్రాణం పోసేది ఈ రెండో గీతే. మూడు రంగులకు మించి వాడవద్దని కూడా నా సలహా. పువ్వు రేకు కొస ముదురుగా, మొదలు లేతగా ఒకే రంగు చల్లితే వచ్చే అందం ఐదు రంగులు కలగలిపితే రాదు.

ప్రశ్న: నేను ఉద్యోగ విరమణ చేసిన ఉపాధ్యాయురాలిని. మోకాళ్ళ నొప్పుల వల్ల కింద కూర్చోలేను, వంగితే నడుము పట్టేస్తోంది. ముగ్గు మానుకోవడం ఇష్టం లేదు.
(ఒక పాఠకురాలు, అనంతపురం)

జవాబు: మానవద్దండీ. రెండడుగుల చెక్క పలకకు జేగురు రంగు వేయించి, బల్ల మీద పెట్టుకుని, కుర్చీలో కూర్చుని తడి బియ్యప్పిండితో వేయండి. ఆరాక గుమ్మం పక్కన ఆనించి నిలబెట్టవచ్చు. నేల మీదే వేయాలని ఉంటే చిన్న ముక్కాలి పీట మీద కూర్చుని, బెత్తెడు వెడల్పున్న పద్మం ఒక్కటి చాలు. ముగ్గు ఇంత పెద్దదిగా ఉండాలని ఎక్కడా నియమం లేదు. నొప్పి ఎక్కువగా ఉన్న రోజుల్లో మాత్రం వైద్యుల మాటే వినండి.

ప్రశ్న: మా అబ్బాయికి పదేళ్ళు. వాళ్ళ అమ్మ ముగ్గు వేస్తుంటే పక్కన కూర్చుని నెమలి వేస్తానని పేచీ పెడుతున్నాడు. బంధువులు మగపిల్లవాడికి ఇదేమిటని నవ్వుతున్నారు. నాకు మాత్రం నేర్పించాలనే ఉంది. ఎలా మొదలుపెట్టాలి?
(ఒక పాఠకుడు, నెల్లూరు)

జవాబు: మీ ఉత్తరం చదివి చాలా సంతోషించాను. నవ్వేవారిని నవ్వనివ్వండి. గీత మీద ప్రేమ పుట్టిన పిల్లవాడి చెయ్యి ఆపడం కన్నా పెద్ద పొరపాటు లేదు.

నెమలికి మూలం 'న' అక్షరమో 'ద' అక్షరమో అనుకుంటారు గాని, అంతకన్నా సులువైనది బడిలో రాసే 2 అంకె. పలక మీద 2 రాయించండి. పై వంపు నెమలి తల, మెడ. కింది మూల నుంచి సాగే గీత దాని పొట్ట. ఆ గీతను వెనక్కి తిప్పి మెడ మొదలుకు కలిపితే ఒళ్ళు తయారవుతుంది. పై వంపు కొసకు ముక్కు, లోపల కన్ను, నెత్తిన మూడు చిన్న గీతలు వాటి కొసన చుక్కలు. తోక కోసం ఒళ్ళు ముగిసిన చోటు నుంచి విసనకర్రలా ఐదు గీతలు రావాలి, ముందు నడిమి గీతను, తరువాత రెండు కొసలనూ, చివర మిగిలిన రెంటినీ తీయించండి. ఒక్కో గీత కొసన ఒక నీటిబొట్టు, అందులో మరో చిన్న బొట్టు పెడితే కన్నుల తోక వస్తుంది.

పలక మీద వారం రోజులు వేశాక నేల మీదికి రండి. మొదట సుద్దతో వేయించి, దాని మీద పిండి గీత తీయనివ్వండి. పిల్లల చేతులు చిన్నవి కనుక గీత లావుగా వస్తుంది, దాన్ని దిద్దకండి. మీరు కూడా పక్కన కూర్చుని ఒక తీగ వేస్తే బంధువుల నవ్వు దానంతటదే ఆగుతుంది.

ప్రశ్న: అమెరికాలో డాలస్‌లో ఉంటున్నాం. కనుమ నాడు ఇంటి ముందు రథం ముగ్గు వేయాలని మా అమ్మాయి ఆశ. జనవరిలో చలి, గాలి. ఎన్ని చుక్కలు పెట్టాలో కూడా నాకు గుర్తు లేదు. చుక్కలు లేకుండా రథం వేయవచ్చా?
(ఒక పాఠకురాలు, డాలస్)

జవాబు: నిస్సందేహంగా వేయవచ్చు. ఇంటి ముందు కారు నిలిపే కాంక్రీటు నేలే మీ వాకిలి. గాలికి పొడి పిండి నిలవదు కనుక పిల్లలు బయట గీసే లావాటి సుద్దకడ్డీలు తెచ్చుకోండి, నేలను ముందు తడపకుండా సుద్దనే తడిపి వాడండి. వణికే చలిలో నేల మీద నీళ్ళు చల్లితే గడ్డకట్టి జారే ప్రమాదం ఉంటుంది. ఎండ వచ్చాక, మధ్యాహ్నం వేసినా పండగకు ఏ లోటూ రాదు.

రథానికి ముందు నడిమిగా మూడు మూరల నిలువు గీతను చాలా పలచగా తీయండి. ఆ తరువాత తీసే ప్రతి గీతకూ ఇదే వెన్నెముక, కుడి పక్క ఏది వేస్తే ఎడమ పక్క వెంటనే దాని జత వేయాలి. అడుగున రెండు మూరల అడ్డపట్టె, దాని మీద జానెడు ఎత్తు పీఠం, పీఠం మీద అంతకన్నా కొంచెం తక్కువ వెడల్పుతో గది. గది మీద ఒకదానిపై ఒకటి మూడు అడ్డపట్టెలు, పైకి పోయిన కొద్దీ ఒక్కొక్కటి బెత్తెడు చొప్పున రెండు పక్కలా తగ్గుతూ రావాలి. ఆ మెట్ల కొసలను కలిపితే గోపురం వస్తుంది. దాని పైన కలశం, జెండా. అడుగు పట్టెకు రెండు కొసల్లో చక్రాలు వేయడానికి ఇంట్లో ఉన్న పళ్ళెం బోర్లించి చుట్టూ గీయండి, లోపల ఎదురెదురుగా నాలుగు ఆకులు, అంటే నడిమి నుంచి అంచుకు పోయే గీతలు, వాటి నడుమ మరో నాలుగు. గదిలో దీపమో, పద్మమో మీ అమ్మాయినే వేయనివ్వండి. గాజుతో వేసుకుంటే పద్మం నడిమి గుండ్రం సులువు, 2-4 సైజు గాజు లోపలి అడ్డుకొలత రెండుంపావు అంగుళాలు ఉంటుంది కనుక గదికి సరిగ్గా నప్పుతుంది.

చివరగా తాడు. మన ఊళ్ళలో కనుమ నాటి రథానికి తాడు గీసి, దాన్ని పక్కింటి ముగ్గు దాకా తీసుకుపోయి కలుపుతారు. అలా ఒక ఇంటి రథం తాడు మరో ఇంటి రథానికి అందుతూ వీధి చివరి వరకు పోతుంది. మీ పక్కింటి వారు తెలుగువారు కాకపోయినా, ముందుగా ఒక మాట చెప్పి, రథం ముందు నుంచి రెండు సమాన గీతలుగా, నడుమ జడ అల్లికలా వంపులు పెడుతూ తాడును వారి నేల అంచు వరకు తీయండి. వారి పిల్లలుంటే ఒక సుద్దకడ్డీ వాళ్ళ చేతికి ఇచ్చి, అక్కడి నుంచి వాళ్ళనే తీయమనండి.